పెద్దసారుకు ఆటతోడు

బాలల సత్వర గుర్తింపు కేంద్రంలో ఇంతవరకూ ఎవరికీ ఆలస్యం జరగలేదని ముందుగా మనవి చేసుకుంటున్నాం. ఆలస్యం జరగాలంటే ముందు తేదీ అంటూ ఒకటి ఇవ్వాలి కదా! ఆ కేంద్రం తేదీలు ఇవ్వదు, నంబర్లు ఇస్తుంది. నంబరుకు గడువుండదు. అందుకే ఏటా జరిగే తనిఖీలో "ఆలస్యమైన కేసులు" అన్న గడిలో నిండుగా, గుండ్రంగా, చూడముచ్చటైన సున్నా ఒకటి కొలువుతీరి ఉంటుంది. పిల్లల్లో ఆటిజాన్ని ఎంత తొందరగా గుర్తిస్తే అంత మేలని హాలు గోడమీద అడుగెత్తు అక్షరాలతో రాయించారు. ఆ గోడ కింద బెంచీమీద వంతు కోసం కూర్చున్న పిల్లల్లో ఒకరిద్దరికి నూనూగు మీసాలు వస్తున్నాయి.

గువ్వ వాళ్ళమ్మకు దొరికిన నంబరు నాలుగువేల రెండువందల ఏడు. ఆ రోజు నడుస్తున్న నంబరు పదకొండువందల చిల్లర.

"మా వంతు ఎప్పుడొస్తుందండీ?" అని ఆమె కిటికీలోంచి గుమాస్తాను అడిగింది.

గుమాస్తా పైకప్పు వంక చూసి, పెదవులు కదిపి, "మూడేళ్ళు పట్టచ్చమ్మా" అన్నాడు.

"పాపకిప్పుడు నాలుగేళ్ళు దాటాయండీ. ఆరు దాటితే ఇక్కడ చూడరని బోర్డుమీద రాశారు. మూడేళ్ళంటే ఏడొచ్చేస్తాయి కదా?"

"వస్తాయి మరి. పిల్లలన్నాక పెరుగుతారు" అని ఆయన మనస్ఫూర్తిగా సంతోషించాడు.

గువ్వ వాళ్ళమ్మ అయోమయపడిందంటే తప్పు ఆమెది కాదు, ఆమె ఉద్యోగానిది. ఆమె ఓ కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగి, పది నిమిషాల్లో తేల్చి చీటీ రాసిస్తుంది. ఇన్నేళ్ళలో చూపు ఆనని పిల్లవాడితో "నువ్వు బుద్ధిగా చూడట్లేదురా, అందుకే కనబడట్లేదు" అన్నవాళ్ళు ఆమెకు తగల్లేదు. "వాళ్ళ నాన్నా చిన్నప్పుడు గోడలకు గుద్దుకునేవాడమ్మా, తర్వాత అదే సర్దుకుంది" అన్న నాయనమ్మా తగల్లేదు. అందుకని లోకంలో అన్ని పరీక్షలూ ఇలాగే ఉంటాయని ఆమె నమ్మింది. లోకం చూడని మనిషి, పాపం.

ఇక గువ్వ. దాని అసలు పేరుతో పిలిస్తే తిరిగి చూడదు. రెండు గదుల అవతల బిస్కెట్ పొట్లం విప్పితే మాత్రం ప్రత్యక్షమవుతుంది. ఇంట్లో చెప్పులన్నీ చిన్నవాటినుంచి పెద్దవాటిదాకా వరసగా పేరుస్తుంది. ఆ వరస చెడగొట్టి ఎవరైనా చెప్పులేసుకుని బయటికి వెళ్ళబోతే వీధి వీధంతా ఉలిక్కిపడేలా ఏడుస్తుంది. సంతోషం వస్తే రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తుంది. గువ్వ అన్న పేరు అలాగే వచ్చింది. దానికి సొంత మాటలు లేవు. అమ్మ పనిచేసే దుకాణం నాలుగో అంతస్తులో ఉంది, అక్కడి లిఫ్టు మాట్లాడుతుంది. గువ్వకు వచ్చిన భాష ఆ లిఫ్టుదే. ఒళ్ళు హుషారుగా ఉంటే "పైకి వెళ్తోంది" అంటుంది. మనసు బాగాలేకపోతే "కిందికి వెళ్తోంది." మేనత్త ముద్దు పెట్టుకోబోతే "దయచేసి తలుపులకు అడ్డు నిలవకండి" అని గౌరవంగా హెచ్చరిస్తుంది. ఇంటిల్లిపాదికీ అర్థమవుతూనే ఉంది. బడిలోనే చిక్కొచ్చింది.

"పాప చాలా మంచిదండీ" అంది బడి టీచరు. "కానీ నా దగ్గర ముప్ఫైమంది. దీనికి పక్కనో మనిషి కావాలి. మనిషినివ్వాలంటే కాగితం కావాలంటున్నారు. ఎండాకాలం సెలవులయ్యేలోపు కాగితం తెండి. లేకపోతే సీటు ఉంచరండీ, నా చేతుల్లో లేదు."

కాగితం అన్న మాట ఇంట్లో వినపడగానే నిపుణులు బయల్దేరారు. "మీ మామగారు ఏడేళ్ళకు గానీ మాట్లాడలేదు తెలుసా?" అంది అత్తగారు. మామగారు దీనికి అవునని గానీ కాదని గానీ అనలేదు. ఆయన రోజుకు మూడు మాటలకు మించి మాట్లాడరు, ఆవేళ్టి మూడూ పొద్దున్నే అయిపోయాయి. పిల్లకు ఫోను చూపించడం వల్లే ఇదంతా అని ఆడపడుచు ఫోనులో పదకొండు వీడియోలు పంపింది. ఇది ఆడపిల్లలకు రాదని పక్కింటి పిన్నిగారు తేల్చేసింది. మరిది మాత్రం గంతులేశాడు. ఇలాంటి పిల్లలందరూ లెక్కల్లో మేధావులవుతారని ఎక్కడో చూశాడట. గువ్వ ముందు కూర్చుని, "నూటముప్ఫైయేడు ఇంటూ తొంభైనాలుగు ఎంతమ్మా?" అని అడిగాడు. "కిందికి వెళ్తోంది" అంది గువ్వ.

ఫ్యామిలీ డాక్టరు చెవి పరీక్షకు రాశాడు. శబ్దం వినపడితే చెయ్యెత్తాలని అక్కడ నోటితో చెప్పారు. గువ్వ ఎత్తలేదు. "వినికిడి బిడ్డ ఇష్టాన్ని బట్టి ఉన్నది" అని సర్టిఫికెట్ ఇచ్చారు. గువ్వ వాళ్ళ నాన్నకు కాపీలు తీసే దుకాణం ఉంది. ఆయన ఆ సర్టిఫికెట్‌ను నలభై కాపీలు తీసి, "ఎవడడుగుతాడో తెలీదు కదా" అని భార్య చేతిలో పెట్టాడు. ఆయన ప్రేమ ఎప్పుడూ కాపీల రూపంలోనే బయటపడుతుంది.

కేంద్రంలో నంబరు తీసుకుంటే సరిపోదు, అది బతికి ఉందని ప్రతి మంగళవారం వచ్చి సంతకం పెట్టాలి. గువ్వ వాళ్ళమ్మ మంగళవారాలు సెలవు పెట్టి, గువ్వను చంకనెత్తుకుని మూడో అంతస్తు ఎక్కేది. పెద్ద శబ్దాలు పడని పిల్లలు ఎక్కువగా వస్తారు కాబట్టి అందరికీ వినపడాలని హాలుకు రెండు మైకులు పెట్టించారు. వెలుతురు గుచ్చుకునే పిల్లల సౌకర్యార్థం ఇరవైనాలుగు ట్యూబులైట్లు వేయించారు. అందులో ఆరు రెప్పలు కొడుతుంటాయి. పిల్లలు బెదరకుండా గోడనిండా పళ్ళికిలించే జంతువుల బొమ్మలు వేయించారు. పిల్లలు నిజంగానే బెదిరేవాళ్ళు కాదు, ఏడుస్తూ లిఫ్టు వైపు పరుగెత్తేవాళ్ళు, అంతే.

ఫారంలో రెండువందల పన్నెండు ప్రశ్నలు. గోప్యత పాటించాలి కనుక బిడ్డ పేరు రాయకూడదు, నంబరు వేయాలి. ఒక్క కొట్టివేత ఉన్నా ఫారం చెల్లదు. "అందుకే రెండిస్తున్నానమ్మా" అన్నాడు గుమాస్తా. "ఒకదానిమీద చెయ్యి సాధన చేసుకుని, రెండోది నింపండి."

గువ్వ ఫారం ఆమె ఇంట్లోనే ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేసింది. రెండోది ఖాళీగా సంచిలో ఉండిపోయింది. మంగళవారాలేమో పొడుగ్గా ఉండేవి. ఎదురుగా అద్దాల గది. ఆ గదిలో కేంద్రం అధిపతి, అందరూ పెద్దసారు అని పిలిచే మనిషి. చూపు పరీక్ష చేసే చేతికి ఎదురుగా మనిషి, ఒళ్ళో ఫారం ఉంటే ఊరుకోవడం కష్టం. వేళాకోళం కాదు. నాలుగో మంగళవారం ఆమె ఓ సంగతి గమనించింది: మైకు మోగబోతుండగా హాల్లో గువ్వ, అద్దాల వెనక పెద్దసారు ఒక్కసారే చెవులు మూసుకున్నారు. "అయ్యో" అనిపించింది ఆమెకు. కలం తీసింది.

పిలిస్తే పలుకుతారా? మూడోసారికి. ఎదుటివారి కళ్ళలోకి చూస్తారా? లేదు, చొక్కా రెండో గుండీ వైపు చూస్తారు. ఏవైనా వస్తువులు వరసగా పేరుస్తారా? కలాలు, పొడుగును బట్టి. దినచర్య మారితే కలత పడతారా? టీ పదకొండూ పదికి రావాలి, కప్పు చెవి కిటికీ వైపు ఉండాలి. ఓసారి పదకొండూ పన్నెండుకు వస్తే కప్పును, కప్పుతోపాటు అటెండరునూ వెనక్కి పంపారు. ఒకే మాట పదేపదే అంటారా? "నిబంధనల ప్రకారం" — గంటకు ఇరవైసార్లు. పదేపదే చేసే పనులు? బట్టతల దువ్వుకోవడం. బిడ్డ ఎక్కువ సేపు గడిపే చోటు? మూడో అంతస్తు, అద్దాల గది. వయసు గడిలో అందాజాగా యాభైయేడు వేసింది. ఏడో మంగళవారం దాకా పట్టింది, కానీ ఒక్క గడీ ఖాళీ లేకుండా నిండింది.

ఎనిమిదో మంగళవారం మైకులో ఆమె నంబరు పిలిచారు, ఫారం ఇమ్మని. గువ్వ చెవులు మూసుకుని నేలమీద పడి దొర్లుతోంది. ఓ చేత్తో పిల్లను, ఓ చేత్తో సంచిని పట్టుకుని ఆమె కిటికీ దగ్గరికి పరుగెత్తింది. గుమాస్తా సంచిలో చెయ్యి పెట్టి, పైనున్న కాగితం లాగి, నంబరు తనే వేసి, ముద్ర గుద్దేశాడు.

"అది కాదండీ! అది మా పాపది కాదు!"

"ఎవరిదైతేనేమమ్మా, పేరుండదు కదా. గోప్యత" అన్నాడు.

"ఒక్కసారి ఇటివ్వండి, మార్చి ఇస్తాను."

"ముద్ర పడ్డ కాగితం వెనక్కి రాదమ్మా. తరవాతి నంబరు!"

పది రోజులు ఆమెకు అన్నం సయించలేదు. ఉద్యోగం పోతుందేమో, జైలంటారేమో అని రకరకాలుగా ఊహించుకుంది. "ఏం కాదులే" అన్నాడు భర్త. "కాపీ ఉందా?" అని మాత్రం అడిగాడు.

పదకొండో రోజు నంబర్ల పుస్తకంలో చిరునామా చూసుకుని దుకాణానికి ఓ అమ్మాయి వచ్చింది. కేంద్రంలో కొత్తగా చేరిన సైకాలజిస్టు. పరీక్ష కుర్చీలో కూర్చుంది కానీ అక్షరాల పలక వైపు చూడలేదు.

"నాలుగువేల రెండువందల ఏడు మీరే కదండీ?"

"అవునమ్మా" అంది గువ్వ వాళ్ళమ్మ, చేతిలో అద్దం బల్లమీద పెట్టేసి.

"మీ పాప బట్టతల రోజుకెన్నిసార్లు దువ్వుకుంటుందండీ?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పలేం. కళ్ళద్దాల స్టాండు ఊగేంతగా నవ్వారు. నవ్వుతూనే గువ్వ వాళ్ళమ్మ ఏడ్చేసింది. ఎండాకాలం సెలవులు, బడి సీటు, మంగళవారాలు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది.

"ఫారాలు చూసే కమిటీలో ఐదుగురు చదివారండీ" అంది సైకాలజిస్టు కళ్ళు తుడుచుకుని. "వయసు యాభైయేడని రాశారు కదా. మా ఫారంలో మొదటి గడి ఏళ్ళకు, రెండోది నెలలకు. ఐదేళ్ళ ఏడు నెలలు అనుకున్నారు. 'ఆరేళ్ళు దాటిపోతాయి, అత్యవసరం' అని ముందుకు జరిపారు. బట్టతల గురించి చర్మం డాక్టరుకు రాశారు. ఈ వయసులో టీ మాన్పించాలని సిఫారసు కూడా చేశారు."

"మరిప్పుడు?"

"సహజ వాతావరణంలో పరిశీలించమని నన్ను పంపారు. వెళ్ళి రెండు రోజులు కూర్చున్నాను. మీరు రాసిన ప్రతి ముక్కా నిజమేనండీ. నా రిపోర్టు కూడా నిజంగానే రాశాను. చింపెయ్యమంటారా, పంపమంటారా?"

"చింపితే మా నంబరు?"

"పోతుంది."

గువ్వ వాళ్ళమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "పంపెయ్యమ్మా" అంది.

ఫారంతోపాటు రిపోర్టు పెద్దసారు బల్లమీదికే వెళ్ళింది. రెండువందల పన్నెండు గడుల్లో ఒక్కటీ ఖాళీ లేదు, ఒక్క కొట్టివేత లేదు. అంతటి ఫారం ఆయన తన సర్వీసులో చూడలేదు. ఆ ఆనందంలో విషయం చదవకుండానే సంతకం చేశారు. ఆపైన కేంద్రం చరిత్రలో మొదటిసారిగా సత్వరం అన్న మాట పనిచేసింది. బిడ్డ సహజ వాతావరణంలోనే సదుపాయాలు కల్పించాలని రాసి ఉంది కదా, ఎనిమిది రోజుల్లో కల్పించారు. మూడో అంతస్తులో మైకులు పీకేశారు. రెప్పలు కొట్టే ట్యూబులైట్లు మార్చారు. అద్దాల గదిలో మెత్తటి తివాసీ పరిచారు, దినచర్య బొమ్మల్లో గీసి గోడకు తగిలించారు: కప్పు బొమ్మ, ఫైలు బొమ్మ, భోజనం బొమ్మ. ముందుగా చెప్పకుండా ఎవరూ భుజంమీద చెయ్యి వేయరాదని తలుపుకు రాసిపెట్టారు. స్పీచ్ థెరపిస్టును వారానికి మూడు రోజులు నియమించారు. అధికారి గదికి ఇవన్నీ మామూలే అనుకుని ఎవరూ ఆశ్చర్యపోలేదు. కొందరు తివాసీ ఇంకా పెద్దది వేయాల్సింది అన్నారు.

పెద్దసారు మాత్రం మారిపోతూ వచ్చారు. తలనొప్పి మాత్రలు వేసుకోవడం మానేశారు. ఓ రోజు కూనిరాగం తీశారని అటెండరు ప్రమాణం చేసి చెప్పాడు. ఆ తర్వాత రిపోర్టు నకలు "బిడ్డ చిరునామా"కు పంపగా అది అద్దాల గదికే చేరింది. ఈసారి పెద్దసారు విషయం కూడా చదివారు. గువ్వ వాళ్ళమ్మకు కబురొచ్చింది.

ఆమె గువ్వను ఎత్తుకునే వెళ్ళింది, పిల్లను చూసైనా జాలిపడతారని. పెద్దసారు ఆమె కళ్ళలోకి కాక, చంకలో ఉన్న గువ్వ గౌను రెండో గుండీ వైపు చూశారు.

"ఈ ఫారం మీరు నింపారా?"

"తప్పయిపోయిందండీ. సాధన కోసం..."

"ఎనభై ఎనిమిదో ప్రశ్న. మైకు మోగకముందే చెవులు మూసుకుంటానని రాశారు. మోగకముందే అని."

"మోగేముందు చిన్నగా గీమంటుందండీ. మా పాపకూ వినిపిస్తుంది."

ఆయన కలాల వరస సర్దారు.

"ఆ గీ నాకొక్కడికే వినిపిస్తుందనుకున్నానమ్మా" అన్నారు చివరికి. "చిన్నప్పుడు చెప్తే కొట్టేవాళ్ళు. పెద్దయ్యాక చెప్పడం మానేశాను. యాభైయేడేళ్ళలో నన్నింత శ్రద్ధగా చూసినవాళ్ళు లేరు. మా అమ్మతో సహా."

గువ్వ వాళ్ళమ్మ గుండె కరిగింది. కరిగినా తల్లి గుండె కదా, పని మర్చిపోలేదు. "మరి మా పాప సంగతండీ?"

"నిబంధనల ప్రకారం," అని పెద్దసారు నిజంగా బాధపడ్డారు, "ఒక నంబరుకు ఒకే బిడ్డ. మీ నంబరుమీద బిడ్డను గుర్తించడం అయిపోయింది. మళ్ళీ కొత్త నంబరు తీసుకోవాలి. మూడేళ్ళు..."

"అంటే మీకు తివాసీ, మా పిల్లకు బెంచీనా?" అనేసింది ఆమె. అని నాలుక కరుచుకుంది.

పెద్దసారు కోప్పడలేదు. ముఖం చిన్నబోయింది. నిబంధన దాటడం ఆయన వల్ల కాదు. దాటితే ఆయనకు నిజంగానే ఊపిరాడదు. ఆ సంగతి నూటమూడో ప్రశ్నకు జవాబుగా ఆమే రాసింది. అందుకని ఆమె దాటమనలేదు. బల్లమీది రిపోర్టు తన వైపు తిప్పుకుని, చూపు చీటీ చదివినట్టు పైనుంచి కిందికి చదివింది. తొమ్మిదో సిఫారసు దగ్గర వేలు ఆగింది.

"సారూ, 'బిడ్డకు రోజూ ఒక గంట తోటి వయసు పిల్లలతో, థెరపిస్టు సమక్షంలో ఆడుకునే వీలు కల్పించవలెను.' ఇది జరుగుతోందా అండీ?"

"లేదు" అన్నారు పెద్దసారు కంగారుగా. "తొమ్మిది అమలు కాలేదు!"

"మీకు ఐదేళ్ళ ఏడు నెలలు. ఇది నాలుగున్నర. నిబంధనల ప్రకారం..."

పెద్దసారు లేచి నిలబడ్డారు. సంతోషం పట్టలేక రెండు చేతులూ గాల్లో ఆడించారు. అది చూసి గువ్వ కూడా ఆడించింది. "పైకి వెళ్తోంది" అంది.

మర్నాడే ఉత్తర్వు వెలువడింది: గువ్వ అను బాలిక కేంద్రం లబ్ధిదారుకు అధికారిక ఆటతోడుగా నియమింపబడినది. స్పీచ్ థెరపిస్టు లబ్ధిదారుకు పాఠం చెప్పేది, ఆటతోడు పక్కన కూర్చునేది. పాఠం ఎవరికి అవసరమో థెరపిస్టుకు కళ్ళున్నాయి కనుక కనిపించింది. ఇద్దరూ తివాసీమీద కూర్చుని పాత ఫైళ్ళు నంబర్ల వరసలో పేర్చేవారు. ఇరవైయేళ్ళుగా కనపడని ఫైళ్ళు నాలుగు బయటపడ్డాయి. ఆటతోడు తన విధులు సక్రమంగా నిర్వర్తించేందుకు బడిలో ఓ సహాయకురాలిని ఇవ్వవలసిందని సైకాలజిస్టు ఓ కాగితం తయారుచేసింది. నాలుగు ముద్రలు పడ్డాయి. బడివాళ్ళు ముద్రలు చూసి సహాయకురాలిని ఇచ్చారు. విషయం ఎవరూ చదవలేదు.

గువ్వ సొంతంగా మాట్లాడిన మొదటి మాటేమిటో తెలుసుకోవాలని మీకుంటుంది. ఓ ఆదివారం వంటింట్లో డబ్బా వైపు వేలు చూపించి, స్పష్టంగా, "అమ్మా, నిబంధనల ప్రకారం బిస్కెట్" అంది. గువ్వ వాళ్ళమ్మ గరిటె వదిలేసి నేలమీద కూలబడింది. డబ్బా మొత్తం పిల్ల ముందు బోర్లించింది. నాన్న కాపీలు తీయడానికి ఆ మాటను కాగితంమీద రాసుకున్నాడు. మామగారు ఆవేళ కోటా దాటి, నాలుగో మాట మాట్లాడారు: "శభాష్."

ఆ ఏడాది చివర కేంద్రం తన వార్షిక నివేదిక విడుదల చేసింది. పెద్దసారుకు అబద్ధం రాయడం చేతకాదు. ఏ గడిలో అడిగినదానికి ఆ గడిలో ఉన్నది ఉన్నట్టు రాశారు. "సత్వర గుర్తింపు వల్ల లబ్ధి పొందిన ఐదేళ్ళ ఏడు నెలల బిడ్డ నేడు అనర్గళంగా చదువుచున్నాడు, దస్త్రాలు పరిశీలించుచున్నాడు, సంతకము చేయుచున్నాడు, నలభైరెండుమంది సిబ్బందిని పర్యవేక్షించుచున్నాడు." పత్రికలు మొదటి పేజీలో వేశాయి. మంత్రిగారు సభ పెట్టి, "ఈ బిడ్డ మన జాతి భవిష్యత్తు" అన్నారు. చప్పట్లు మారుమోగాయి.

వారం తిరిగేసరికి ప్రజలనుంచి కేంద్రానికి మూడువందల పైచిలుకు ఉత్తరాలొచ్చాయి. వాటిని విప్పి చదివే పని సైకాలజిస్టు అమ్మాయికి పడింది. మరి బెంచీమీద ఉన్న మూడువేలమంది పిల్లల గతేమిటని అడిగిన ఉత్తరం ఒక్కటైనా ఉంటుందని ఆమె ఆఖరి కవరు దాకా వెతికింది. లేదు. ఐదేళ్ళ బిడ్డ నలభైరెండుమంది సిబ్బందిని పర్యవేక్షించడమేమిటని అడిగిన ఉత్తరమూ లేదు. అందరూ తల్లిదండ్రులే. అందరిదీ ఒకటే ఆత్రం: మావాడికి ఆరు నిండబోతున్నా ఇంకా సంతకం రాలేదు, ఆ బిడ్డ ఏ బడిలో చదివాడో దయచేసి తెలుపగలరు, ఇప్పుడైనా సీటు దొరుకుతుందా?

ఆ ఉత్తరాలు మేమూ చూశాం. అందులో ఓ దస్తూరీ ఎక్కడో చూసినట్టే ఉంది. మీదే కదూ?